కోర్టు లేచేలోపు

ఐదు గంటలకల్లా ఆ కాగితం మీద భర్త సంతకం పడాలి. పడకపోతే బీమా కంపెనీలో ఆయనకొచ్చిన లా ఆఫీసరు ఉద్యోగం వరసలో తరవాతవాడికి పోతుంది. చంకలో ఏడాదిన్నర పిల్ల, భుజాన సంచీ, సంచీలో ఆ కాగితం. ఆమె క్రిమినల్ కోర్టు హాల్లో చివరి బెంచీ మీద ఒదిగి కూర్చుంది.

ఆయన లా పాసై రెండేళ్లయింది. క్రిమినల్ సైడు తప్ప ఇంకోటి చెయ్యనని పట్టిన పట్టు విడవడు. మొన్న బెయిలు మీదున్న దొంగతనం కేసువాడొకడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో కూర్చుంటే, పిల్ల వాడి ఒళ్లోకెక్కి "మామ, మామ" అంది. అప్పట్నుంచీ తలుపు చప్పుడైతే చాలు, ఆమెకు పై ప్రాణాలు పైనే పోతున్నాయి.

"పిల్లనిలా ఇవ్వు చెల్లీ, చెయ్యి లాగేస్తుంటుంది." పక్కనున్నావిడ చేతులు చాచి పిల్లను అందుకుంది. ఇవాళ బెయిలు అడుగుతున్న ముద్దాయి భార్య. "మా కేసు చూసేది మీ ఆయనేనటగా? పెద్ద లాయరు రాకపోయినా పర్లేదమ్మా, ఆ బాబుంటే చాలు."

పెద్ద లాయరు నిజంగానే రాలేదు. కేసు పిలిచారు. ముందు వరసలో ఎవరో ప్లీడరు గొణిగాడు: "మన చిన్న వకీలు మొహం చూస్తే, ఇద్దరిలో ముద్దాయి ఎవరో జడ్జిగారు పోల్చుకోలేరు." పక్కవాళ్లు కిసుక్కున నవ్వారు.

ఆయన లేచాడు. మొదట గొంతు వణికినా, రెండు మాటలయ్యాక కుదురుకుంది. దొంగతనం జరిగిన రోజు ముద్దాయి కాలు విరిగి ఆసుపత్రి మంచం మీద ఉన్నాడని చెప్పి, రుజువు చూపించడానికి ఫైలు తెరిచాడు. కాగితాలన్నీ తిరగేశాడు. కోటు జేబులు తడుముకున్నాడు.

"గులాబీరంగు చీటీ అండీ... పొద్దున కూడా చూశాను..."

ఆమెకు చప్పున గుర్తొచ్చింది. పిల్ల జ్వరం చీటీలూ ఆ ఆసుపత్రివే. అన్నీ గులాబీరంగే. పొద్దున బల్ల సర్దుతూ అక్కడున్న చీటీలన్నీ ఊడ్చినట్టు తీసి పిల్ల ఫైల్లో కుక్కేసింది. పదో తరగతిలో ఆగిన చదువు. డాక్టరు రాసిన ఇంగ్లీషు కూడబలుక్కునే తీరిక ఎక్కడిది? సంచీలో చెయ్యి పెట్టింది. పిల్ల ఫైలు అక్కడే ఉంది.

లేవలేదు. 'ఓడిపోనీ దేవుడా. ఈ ఒక్కసారికీ ఆయన్ని ఓడిపోనీ.'

"కోర్టు లేచేలోపు చూపిస్తే చూస్తాను. లేకపోతే బెయిలు అర్జీ కొట్టేస్తాను," అన్నారు జడ్జిగారు.

వరండాలోకి వచ్చి ఆయన గోడకు చేరగిలబడ్డాడు. చెవులదాకా ఎర్రబడిపోయాడు.

"ఆ ఉద్యోగం కాగితం ఇలా తే," అన్నాడు. "నువ్వన్నదే నిజం. చీటీముక్క దాచలేనివాణ్ణి, మనిషిని జైల్లోంచి ఏం తెస్తాను? పెన్నుందా?"

రెండేళ్లుగా ఆమె వినాలనుకున్న మాట ఇదే. పెన్ను ఇచ్చింది. సంచీ మూతి మాత్రం చేత్తో మూసిపట్టుకుంది. ఆయన కిటికీ గట్టు మీద కాగితం పెట్టి మొదటి అక్షరం రాశాడు.

"బాబూ, మీ ఇల్లెక్కడో చెప్పండి, నేను పరిగెత్తుకెళ్లి వెతుకుతాను." ముద్దాయి భార్య ఎదురుగా వచ్చి నిలబడింది. ఆవిడ భుజం మీద పిల్ల నిద్రపోతోంది. "గట్టిగా మాట్లాడకండి, ఇప్పుడే పడుకుంది."

ఆమె ఇక నిలవలేకపోయింది. సంచీ అక్కడే నేల మీద కుమ్మరించి, చీటీలు ఒక్కొక్కటే ఆయన ముందు పెట్టింది.

"మీరు పోగొట్టలేదు. పాప చీటీ అనుకుని నేనే తీశాను." "హాల్లోనే గుర్తొచ్చింది నాకు."

ఆయన ఆమెకేసి చూశాడు. తిట్టినా బాగుండేది. చీటీ అందుకుని లోపలికి పరుగెత్తాడు.

గోడ గడియారం ఐదుకు ఇరవై తక్కువ చూపిస్తోంది. తలుపు సందులోంచి ఆయన గొంతు వినిపిస్తోంది, తడబాటు లేకుండా. ఆమె చేతిలో ఒక్క అక్షరం సంతకంతో కాగితం. ఐదూ అయింది, పది నిమిషాలూ దాటాయి. లోపలినుంచి "మంజూరు" అన్న మాట వినగానే ముద్దాయి భార్య పిల్లను హత్తుకుని చప్పుడు కాకుండా ఏడ్చింది.

ఆయన బయటికొచ్చాడు. కాగితం ఊసే ఎత్తలేదు.

"రేపు ఇంకో బెయిలుంది. కాగితాలు బల్ల మీదే ఉంటాయి. ముట్టుకోకు."

"ముట్టుకోనండీ," అంది. పిల్లను భుజాన వేసుకుని ఆయన వెనకే మెట్లు దిగుతూ, తలుపుకి ఇంకో గడియ పెట్టించాలి అనుకుంది.