చిలక కన్ను

నేను ఒక వాకిలిని, తలుపు లేని వాకిలిని. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే చెంగమ్మ వెన్నుపాములో, ఆమె కుడిచేతి వేళ్ళను కదిలించే ఒక నరాల కణం ఉండేది. ఆ కణం నడుమ కేంద్రకం, దాని చుట్టూ గోడ. ఆ గోడకు వేల వాకిళ్ళు, వాటిలో నేనొకదాన్ని. ముప్పై రకాల ప్రోటీన్లు ఎనిమిది రేకుల పువ్వులా కూడి నన్ను కట్టాయి. నరాల కణం విభజన చెందదు. అందుకే నేను పాతబడ్డా నా చోట కొత్తది రాలేదు.

కలం అంటే వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారంతో బిగించినది. ఉన్నిని నొక్కినంతే రంగు దిగాలి. నా పనీ అలాంటిదే. నా నడుమ సన్నని పోగుల చిక్కు ఉంది. చిన్న అణువులు దానిలోంచి వాటంతట అవే పోతాయి. పెద్దవాటికి చిరునామా చీటీ కావాలి, వెంట తోడు కావాలి. జన్యువుల నకళ్ళను సరిదిద్దే ఒక ప్రోటీన్ మాత్రం పనిమీద బయటికి వెళ్ళినా మళ్ళీ లోపలికి చేరాలి. చేర్చడం నా బాధ్యత.

యాభై ఎనిమిదో ఏట చెంగమ్మ వేస్తున్న చిలక మెడ మీద నల్లరంగు బొట్టు పడింది.

"ఉన్ని వదులైందిమే, గట్టిగా చుట్టు," అన్నాడు భర్త మునిరత్నం.

"నలభై ఏండ్లు చుట్టినా, నాకే చెప్తావా? నువ్వు గుడ్డ నానేసిన బర్రెపాలే పల్చన. గీత పారతాంది."

"ఆ మాట బర్రెనడుగు."

ఏడాది గడిచింది. ఉన్ని మార్చారు, పాలు మార్చారు, చివరికి బర్రెనే మార్చారు. మనుషులు పనిముట్టును అనుమానించినంత త్వరగా ఒంటిని అనుమానించరు. ఈలోగా ఆ ప్రోటీన్ లోపలికి రాక, బయటే ముద్దకడుతోంది.

ఇది కండరాలను కదిలించే నరాలు చచ్చిపోయే జబ్బని డాక్టరు చెప్పేనాటికి, ఆమె వేస్తున్న తెరచీర మీద వేయాల్సింది ఒక్క చిలక కన్నే మిగిలింది.

"అది నేనే పెడతా. నువ్వు ముట్టొద్దు," అంది చెంగమ్మ. పెట్టలేకపోయింది. మునిరత్నం ముట్టలేదు.

ఆమె పోయాక, ఆమె కోరిక మీదే వెన్నుపామును వైద్య కళాశాలకు ఇచ్చారు. పలుచగా కోసి, రంగు వేసి, గాజుపలక మీద అతికించారు. ఒకరోజు మునిరత్నం వచ్చి చూస్తానని అడిగాడు. సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూశాడు.

"రంగంతా పక్కనే ముద్దగా ఉండాది. ఈ నడిమి గుండ్రం ఖాళీగా ఉందేమయ్యా? కన్ను పెట్టని చిలక మాదిరి."

"ఈ రంగు అంటుకునేది ఒక ప్రోటీన్‌కే పెద్దాయనా. అది ఆ గుండ్రంలో ఉండాలి. బయటే ఉండిపోయింది," అన్నాడు అక్కడి డాక్టరు. తప్పు ఎక్కడ మొదలైందో ఇంకా తేలలేదన్నాడు.

మునిరత్నం కళ్ళజోడు తుడుచుకున్నాడు. "నేనేమో ఏడాదంతా ఉన్ని వదులైందని ఆయమ్మిని తిట్టినా."

ఆ గుండ్రటి గీత మీదే ఎక్కడో నేనున్నాను. ఆయనకు కనిపించనంత చిన్నదాన్ని. వదులైంది నేనేనేమో అని చెప్పుకోవడానికి నాకు నోరు లేదు.