తాయమ్మ మొదటి సంస్కారం

శక్తినగర్ కరెంటు ప్లాంటులో రెండో యూనిట్ మొదలైన ఏడాది, తాయమ్మ, ఆమె మొగుడు శివన్న ఇద్దరూ కాలనీలోని లూథరన్ సంఘంలో బాప్తిస్మం తీసుకున్నారు. శివన్నది ప్లాంటులో బొగ్గు దింపే పని. మరుసటి ఆదివారం ఇద్దరికీ మొదటి సంస్కారం, అదే క్రీస్తు శరీర రక్తాలుగా రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభురాత్రి భోజనం.

ఆ పొద్దునే కొళాయి దగ్గర తాయమ్మ పక్కింటి యంకవ్వతో పోట్లాడింది. బిందె ముందు పెట్టే దగ్గర మొదలైన మాట ముదిరి, పిల్లల్లేని యంకవ్వను గొడ్రాలా అనేదాకా పోయింది. యంకవ్వదీ అదే సంఘం.

ఆరాధనలో అందరూ సంస్కారపు బల్ల వైపు కదులుతుంటే తాయమ్మ వరండాలోకి జారుకుంది. కొడుకు ఉద్యోగం వల్ల గుంటూరు వైపు నుంచి వచ్చిన ముసలి బుల్లెమ్మ వెనకే వచ్చింది.

"ఏంటే పిల్లా, ఇక్కడ కూర్చున్నావు?"

"నేను రానవ్వా. పొద్దుగాల యంకవ్వను అనరాని మాటన్న. గిట్లాంటి నోట్ల క్రీస్తు ఎట్లుంటడు?"

"మీ ఆయన డ్యూటీ దిగి ఎలా వస్తాడే?"

"ఒళ్లంత బొగ్గు మసి. కండ్లొక్కటే కనపడ్తయి."

"అప్పుడు నీ మొగుడు కాకుండా పోతాడా?"

తాయమ్మకు నవ్వాగలేదు. "ఎట్ల పోతడు? నీళ్లు కాగబెడ్త."

"బాప్తిస్మంలో ప్రభువు నీ చెయ్యి పట్టుకున్నాడు. నీ మసి తెలిసే పట్టుకున్నాడు. నీ పాపం తను తీసుకుని తన నీతి నీకిచ్చాడు. ఆ పెళ్లి నిలిచేది నీ శుభ్రం మీద కాదమ్మా, ఆయన మాట మీద. లే!"

తాయమ్మ లేచి ముందు యంకవ్వ దగ్గరికి వెళ్ళింది. "తప్పయింది యక్కా."

యంకవ్వ కళ్ళు తుడుచుకుంది. "నేను గూడ తక్కువ అనలే తియ్," అంటూ ఆమె చెయ్యి పట్టుకుంది.

ఇద్దరూ పక్కపక్కన మోకరించారు. పాస్టరు అయ్యగారు రొట్టె చేతిలో పెట్టి, "నీ కోసం," అన్నారు. యంకవ్వ తాగిన గిన్నెలోనే తాయమ్మ తాగింది. ఒళ్ళు జలదరిస్తుందనుకుంది. ఏమీ కాలేదు. ద్రాక్షారసం కాస్త పుల్లగా ఉంది, అంతే. అయినా అయ్యగారి నోట ప్రభువే 'నీ కోసం' అన్నాడు కదా! ఆ మాట చాలనిపించి, చివరి పాటను ముందు వరుసల వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా పాడింది.

దారిలో శివన్న అడిగాడు: "రొట్టె తిన్నంక లోపల ఏమన్న తెలిసిందా నీకు?"

"ఏం తెల్వలే."

"నాకు గూడ తెల్వలే," అన్నాడు దిగులుగా.

"తెల్వకుంటే ఏంది? ప్రభువు నేనున్న అన్నడు, ఉన్నడు. నువ్వు బజారుకు పోయి కోడి తేపో. యంకవ్వోల్లను గూడ బువ్వకు పిలిచిన."