అనసూయమ్మ కోపం మీద కాగే ఛాయ్

నాంపల్లి స్టేషన్ ఎదురు సందులో అనసూయమ్మ ఛాయ్ బండికి పొయ్యి లేదు, సిలిండరూ లేదు. ఆమె పాలు, నీళ్లు, చక్కెర, ఛాయ్‌పత్తా గిన్నెలో పోసి రెండు చేతులతో పట్టుకుంటుంది. ఛాయ్‌కి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు పేపర్ చదవాలి. ధరలు పెరిగిన వార్తకు గిన్నె వేడెక్కుతుంది. గుడిసెలు కూల్చిన వార్తకు పొంగుతుంది. ఆటల పేజీ చదివేవాడికి ఛాయ్ దొరకదు.

ఆ సాయంత్రం ఆటో నడిపే బాలకిషన్ చదువుతున్నాడు. పక్కన స్టూలు మీద అనసూయమ్మ చెల్లెలి కూతురు ప్రణవి మొఖం వేలాడేసుకుని కూర్చుంది. ప్రణవి అమెరికాలో ఒక యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది, సెలవులకు ఇంటికి వచ్చింది. పేద దేశాల తిరుగుబాట్ల మీద పుస్తకం రాసింది. ఆ పుస్తకం చదివిన ఇద్దరు విద్యార్థులు యుద్ధం ఆపాలని కాలేజీ మైదానంలో డేరా వేశారు. ఈమె వెళ్లి అక్కడ మాట్లాడింది. దాని మీద యూనివర్సిటీ ఒక కమిటీ వేసి విచారణ పెట్టింది. ఇంకాసేపట్లో కమిటీ ఫోన్‌లోనే ఈమెను అడగబోతోంది.

ముందుగా రత్నాకర్ ఫోన్ చేశాడు. ఆమె శాఖకు పెద్ద. అబిడ్స్‌లో పుట్టి, ఇక్కడే జెండాలు మోసి, అక్కడికి వెళ్లాక అణగారినవాళ్ల గొంతు గురించి పాఠం చెప్పి పేరూ ఇల్లూ సంపాదించుకున్నవాడు.

"ఒక్క మాట చాలు ప్రణవీ. పిల్లలే నన్ను తప్పుదారి పట్టించారని చెప్పు."

"వాళ్లను కాలేజీ నుంచి తీసేస్తారు సార్."

"ఇంకో కాలేజీ చూసుకుంటారు. ఉద్యోగం పోతే నీ వీసా కూడా పోతుంది. మనం లోపల ఉంటేనే కదా కొట్లాడేది!"

స్పీకర్‌లో ఆ మాట వినగానే గిన్నె బుసబుసా పొంగింది. బాలకిషన్ సంబరంగా గ్లాసులు పరిచాడు. "గీ సార్‌ను రోజూ ఫోన్ జెయ్యమను అక్కా, పేపర్ ఖర్చు తప్పుతది!"

అనసూయమ్మ నవ్వలేదు. ఫోన్ పెట్టేశాక "ఏం జెప్తవ్ బిడ్డా?" అని ప్రణవిని అడిగింది.

"చెప్పక తప్పదు పెద్దమ్మా. నేను లేకపోతే ఇవన్నీ అక్కడ ఎవరు మాట్లాడతారు?"

పొంగు పడిపోయింది. బాలకిషన్ గబగబా పేపర్ తిప్పి లాఠీచార్జి చదివాడు, మూతపడ్డ బడి గురించి చదివాడు, రైతు చావు చదివాడు. పాల మీద మీగడ కట్టింది.

"ఏందక్కా, కోపమొస్తలేదా?"

"వస్తలేదు. పిల్లను జూస్తే జాలైతుంది."

ప్రణవి దిగ్గున లేచింది. తిట్టినా పడేది. జాలి! తెల్లవాళ్ల జాలి మీద దుమ్మెత్తిపోస్తూ తన పుస్తకంలో ఒక అధ్యాయమే రాసింది.

"నా మీద జాలి పడకు పెద్దమ్మా!"

"ఎందుకు పడొద్దు? కొట్లాడమని జెప్పింది నువ్వు. నమ్మిన్రు వాళ్లు. ఇప్పుడు పట్టిస్తనంటున్నది నువ్వే. గింత చదువు గీనికేనా?"

ప్రణవి ఆమె చేతుల్లోంచి గిన్నె లాక్కుంది. ఎందుకు లాక్కుందో తనకే తెలియదు. అంతలో ఫోన్ మోగింది. బాలకిషన్ దాన్ని ఎత్తి ఆమె మొఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. తెరలో కమిటీవాళ్లు, ఒక మూల రత్నాకర్.

"మీ పొరపాటు తెలుసుకున్నారని ప్రొఫెసర్ రత్నాకర్ చెప్పారు," అంది కమిటీ పెద్దావిడ. రత్నాకర్ చిన్నగా నవ్వి, కానియ్యమన్నట్టు తల ఊపాడు.

ఆ తల ఊపుడుకు గిన్నె అంచు సుయ్‌మంది. ఆవిరి లేచి తెరంతా కమ్మేసింది.

"మీరు కనబడటం లేదు."

"మాట వినబడుతోందా?"

"వినబడుతోంది."

"అయితే వినండి. నన్ను ఎవరూ తప్పుదారి పట్టించలేదు. ఆ పిల్లలు చేసింది నా పాఠం. రత్నాకర్ గారి పాఠం కూడా. ఆయన జీతం తీసుకుని మర్చిపోయారు. శిక్ష వేస్తే నాకు వెయ్యండి."

ఆవిరి సందులోంచి, తెరలో రత్నాకర్ ఉన్న మూల నల్లబడటం కనిపించింది.

ప్రణవి ఉద్యోగం వారం తిరక్కుండానే పోయింది, దాని వెనకే వీసా. అది తన పాఠమేనని ఆమె ఒప్పుకున్నాక ఆ ఇద్దరు విద్యార్థులనూ తీసేయడానికి కమిటీకి సాకు దొరకలేదు. కానీ అదంతా తర్వాత. అప్పటికి మాత్రం ఫోన్ ఆగిపోయినా గిన్నె ఆగలేదు. ఛాయ్ పొంగి ఆమె చెప్పుల మీద పడుతోంది.

"జర తగ్గు బిడ్డా, మాడిపోతది," అంది అనసూయమ్మ.

"తగ్గట్లేదు పెద్దమ్మా."

అనసూయమ్మ బండి కింద నుంచి ఇంకో పెద్ద గిన్నె తీసి, నిండా నీళ్లు పోసి, ప్రణవి ముందు పెట్టింది.