వెంట్రుకవాసి

గురప్ప కొడుకు తలను నీళ్లతో తడిపి, కత్తికి కొత్త బ్లేడు తొడిగాడు. భార్య జ్ఞానాంబ పోయి ఏడాది. కర్మకు కూర్చునే ముందు కొడుకుకు గుండు చేయాలి. రేణిగుంటలో ఉన్న ఆ చిన్న సెలూన్‌లో దేవుడి పటం ఏడాదిగా గోడవైపు తిరిగే ఉంది. తిప్పింది గురప్పే.

తల సగమయ్యేసరికి మునిశేఖర్ అన్నాడు. "వచ్చేటప్పుడు బైపాస్‌లో లారీ రాసుకోని పోయినాది నాయనా. క్లోజ్ షేవ్."

కత్తి ఆగింది.

"ఆ మాట డాక్టరు అన్నాడు కదరా. మీయమ్మకు గుండెనొప్పి తగ్గి ఇంటికి పంపించినప్పుడు."

"అన్నాడేమో."

"నాకు షేవ్ అనే ముక్క ఒకటే తెలిసింది. గుండు మొక్కు తీర్చమంటాండాడా అని నిన్నే అడిగితి. ఫోన్ సూసుకుంటా ఊ అన్న్యావు."

మంగలికి డాక్టరు నోట ఆ మాట దేవుడి పిలుపులా వినిపించింది. ఆ శనివారమే భార్యను వెంటబెట్టుకుని అలిపిరిలో మెట్లెక్కాడు. కాలినడకన వచ్చి తలనీలాలిస్తానని ఆమె మొక్కు. గాలిగోపురం కింద కూర్చుంది, మళ్లీ లేవలేదు. జడ జడలాగే ఉండిపోయింది. దేవుడే పిలిచి మరీ చంపాడని గురప్ప అప్పటినుంచి కొండవైపు చేతులెత్తలేదు.

మునిశేఖర్ గొంతు తగ్గించాడు. "అది షేవింగ్ కాదు నాయనా. వెంట్రుకవాసిలో తప్పించుకునింది అని అర్థం."

"ఇంకేమన్నాడు?"

"మూడు నెలలు మెట్లు ఎక్కనీయొద్దన్నాడు. నీకు చెప్పినాననే అనుకున్యా. మీరు ఆ వారమే పోతారని నాకేం తెలుసు?"

"వెంట్రుకవాసి." గురప్ప ఆ మాటను నోట్లో తిప్పుకున్నాడు. "తెలుగులోనే ఉండాదే. ఆ పొద్దు నీ నోటికి రాలేదా?"

కొడుకు కళ్లు మూసుకున్నాడు. రెండోసారి అడగనిది తనే అని కూడా గురప్పకు తెలుసు.

కత్తి మళ్లీ కదిలింది. చెవుల వెనక, మెడ మీద, నిదానంగా. తడిగుడ్డతో తల తుడిచాడు. గోడ దగ్గరికి వెళ్లి పటాన్ని ఇటు తిప్పాడు, దుమ్ము దులిపాడు. కొడుకువైపు మాత్రం తిరగలేదు.

"ఒక్క గాటు పడలేదు. తప్పించుకున్యావు. లేసి పో."