ఒక్క బోరు నీళ్లు

నిరోష కడుపులో కుళ్లు ఎప్పుడు పుట్టిందో నిరోషకే తెలియదు. అది లేచి కూర్చుని ఆవులించింది మాత్రం నల్లగొండలో, గ్లోరీ మేడం ఆఫీసులో, యాస్మిన్ పక్క కుర్చీలో కూర్చుని పని చెయ్యాల్సి వచ్చినప్పుడే.

ఇద్దరిదీ మర్రిగూడ. ఒకే బడిలో చదివారు, ఒకే బోరు నీళ్లు తాగారు. ఆ నీళ్లలోని ఫ్లోరైడు ఇద్దరి పళ్ల మీదా ఏ తేడా చూపకుండా గోధుమరంగు చారలు గీసిపెట్టింది. ఇప్పుడంటే నల్లాల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి, చిన్నపిల్లల పళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. వీళ్లిద్దరి గార మాత్రం ఎంత తోమినా పోయేది కాదు. హైదరాబాదులో గ్రాఫిక్ డిజైన్ కూడా ఒకే కాలేజీలో చదివారు. ఆఖరి ఏడు ఏదో ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్ చెయ్యాలంటే, ఇద్దరూ కలిసే 'జొన్నకంకి'లో చేరారు.

జొన్నకంకి బట్టల బ్రాండు. గ్లోరీ మేడం ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని మొదలుపెట్టి, గడియారం సెంటరు దగ్గర షోరూం దాకా ఎదిగింది. కింద షోరూం, పైన ఆఫీసు, ఆ పైన దర్జీలు. నూలు కుర్తీలు, ఫ్రాకులు ఆన్‌లైన్లో కూడా బాగానే పోతున్నాయి. ఇంటర్న్‌లు చేసేది బ్రహ్మవిద్యేం కాదు. ఫొటోల్లో వెనకాల ఉన్న గోడలు, తలుపులు తీసెయ్యడం, ఆఫర్ల పోస్టర్లు చెయ్యడం, కుర్తీ మెడకు కుట్టే లేబుల్ గీయడం.

చేరిన రోజే మేడం ఉన్న మాట చెప్పేసింది. "చూడండి బిడ్డా, మీ ఇంటర్న్‌షిప్ అయినంక నాకొక డిజైనర్ కావాలె. కాని ఒక్కరే. ఇద్దరిని పెట్టుకునే తాకత్ నాకు లేదు."

ఆ ఒక్కరు తనే కావాలని నిరోష అక్కడికక్కడే అనుకుంది. అనుకోదా మరి. తల్లి నర్సింగమ్మ ఎండలో పత్తి ఏరి ఏరి నడుము పట్టేసి ఉంది. నల్లగొండలో నౌకరీ దొరికితే చిన్న ఇల్లు కిరాయికి తీసుకుని తల్లిని తెచ్చుకోవచ్చు. అందుకని నిరోష తల ఎత్తకుండా పనిచేసింది. ఫొటోలో జుట్టు చివర్లు చెదరకుండా వెనకాల గోడ తీసెయ్యడంలో ఆమె చేతికి వంక పెట్టడం ఎవరి తరమూ కాదు.

యాస్మిన్ పని మామూలే. కానీ ఏం లాభం? యాస్మిన్ నవ్వుతుంది. మెట్లెక్కుతూ నవ్వుతుంది, కంప్యూటర్ ఆగిపోతే నవ్వుతుంది, చేసిన పోస్టర్ మేడం తిప్పికొడితే దానికీ నవ్వుతుంది. దర్జీలు చాయ్ తెప్పించుకుంటే ముందు యాస్మిన్‌ను పిలుస్తారు. బట్టలు కొనడానికి వచ్చినవాళ్లు కూడా ఆమెతోనే కబుర్లు పెట్టుకుంటారు. పక్కనే నిరోష అనే మనిషి ఒకతి ఉందని ఎవరికి పట్టింది?

నిరోష నోరు తెరిచి నవ్వి ఏళ్లయింది. పదో తరగతి గ్రూపు ఫొటోలో నవ్వితే, ఒక పిల్లవాడు ఆ ఫొటో చూసి "సున్నమెయ్యని గోడ" అన్నాడు. అంతే. అప్పటినుంచి నవ్వొస్తే చున్నీ కొంగు పెదాల మీదికి వచ్చేస్తుంది. చెయ్యి తనంతట తానే లేస్తుంది. అదే నీళ్లు తాగి, అవే పళ్లు పెట్టుకుని, ఈ పిల్ల మాత్రం చుట్టాలింటికొచ్చినట్టు పళ్లికిలించుకుని తిరుగుతుంటే నిరోష ఒళ్లు మండకుండా ఎట్లా ఉంటుంది?

దసరా బట్టల ఫొటోలు తీసే రోజు వచ్చింది. హైదరాబాద్ నుంచి రావలసిన మోడల్ జ్వరమని రాలేదు. ఫొటోగ్రాఫరు లైట్లన్నీ పెట్టుకుని కూర్చున్నాడు. మేడం నెత్తి పట్టుకుని ఆఫీసంతా కలియజూసింది. నిరోష కుర్చీలో నిటారుగా సర్దుకుంది. ఎందుకు సర్దుకుందో అడిగితే చెప్పలేకపోయేది గానీ సర్దుకుంది.

"యాస్మిన్, నువ్వు తొడుక్కోరాదే," అంది మేడం.

యాస్మిన్ తండ్రికి ఫోన్ చేసింది. మర్రిగూడ బస్టాండు పక్కన పరుపుల దుకాణం బాబా మియాది. మాట్లాడి వచ్చి, "తలమీద చున్నీ ఉంటే నాకేం ఫికర్ లేదన్నడు అబ్బ," అంటూ ఫ్రాకు అందుకుని లోపలికి పోయింది.

ఫొటోగ్రాఫరు నవ్వమన్నాడు. యాస్మిన్ నవ్వింది. చారలూ గారా ఏదీ దాచుకోకుండా, గొంతు కనబడేటట్టు నవ్వింది. ఆ ఫ్రాకు మీద నిరోషకు ఆశ లేదు. ఫొటో మీద కూడా లేదు. ఆ నవ్వు మీదే ఆమె కళ్లల్లో నిప్పులు పోసుకుంది. ఏ డిగ్రీ చదివితే వస్తుంది ఆ నవ్వు? ఎక్కడ అమ్ముతారు?

మర్నాడు మేడం నిరోషను పక్కకు పిలిచింది. "దేవరకొండ రోడ్డు మీద పెద్ద హోర్డింగ్ పెడుతున్నం. నీ చెయ్యి సాఫ్ ఉంటది. గా పిల్ల పండ్లు జర తెల్లగ చెయ్యి. ఆమెకు చెప్పకు, మనసు కష్టపెట్టుకుంటది."

నిరోష కూర్చుని ఒక్కొక్క పన్నే తెల్లగా చేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, అద్భుతంగా చేసింది. చేసి చూస్తే ఏముంది, తెరమీద యాస్మిన్ హీరోయిన్ లాగా ఉంది. తన చేత్తో తనే తీర్చిదిద్దినట్టయింది. తన నోట్లో గార తనకే మిగిలింది, ఆ పిల్లకు మాత్రం ముత్యాల పలువరస, అదీ తన కష్టంతోనే. ఫొటో మేడం ఫోన్‌కు పంపింది. మేడం బాగుందని, ఫ్లెక్స్ షాపుకు పంపెయ్యమని జవాబిచ్చింది.

అన్నాల వేళ అయింది. అందరూ కిందికి దిగారు. యాస్మిన్ తలుపు దగ్గర ఆగి, "అమ్మ బస్సుల దాల్చా పంపింది. నీకు తీసిపెడత, జల్ది రా," అని పోయింది.

నిరోష ఒక్కతే మిగిలింది. కంప్యూటర్లో ఫొటో మీద వేసిన తెలుపంతా ఒక పొరలా విడిగా ఉంటుంది. దాన్ని లేయరు అంటారు. దాని పక్కనున్న గుర్తు నొక్కితే పొర మాయమై, కింద ఉన్న అసలు ఫొటో బయటికొస్తుంది. నిరోష నొక్కింది. గోధుమరంగు చారలు తిరిగొచ్చాయి. నల్లగొండంతా చూడాలి అనుకుంది. చూసి పకపకా నవ్వాలి. ఆ తర్వాత ఈ పిల్ల నోరు ఎట్లా తెరుస్తుందో నేనూ చూస్తా. మేడం అడిగితే ఫైలు మారిపోయిందని చెబితే సరి. ఫైలును ఫ్లెక్స్ షాపుకు పంపి, చేతులు కడుక్కుని, కిందికి దిగి యాస్మిన్ తీసిపెట్టిన దాల్చాతో అన్నం తిన్నది. అరిగింది కూడా.

హోర్డింగ్ ఎక్కిన పొద్దున యాస్మిన్ స్కూటీ తెచ్చింది. "పోదాం పా, నా మొఖం నేనే చూస్కుంట." నిరోష వెంటనే వెనక ఎక్కింది. యాస్మిన్ ముఖం మాడిపోవడం దగ్గరినుంచి చూడాలని ఎక్కింది, మరెందుకూ కాదు.

దేవరకొండ రోడ్డు మీద బండి ఆగింది. పైన యాస్మిన్ ఇంతెత్తున నవ్వుతోంది. ఒక్కొక్క పన్నూ ఇటుకంత ఉంది, దాని మీది చార దూరానికి కూడా కనబడుతోంది. కింద యాస్మిన్ తల పైకెత్తి నిలబడింది. నిరోష కాచుకుని చూస్తోంది. యాస్మిన్ ఇటు తిరిగేసరికి కళ్లనిండా నీళ్లున్నాయి.

"నా పండ్లు గట్లనే ఉంచినవ్," అంది.

నిరోష మళ్లీ హోర్డింగ్ వైపు చూసింది.

"మేడం తెల్లగ చేపిస్తదనుకున్న నేను. మా అక్క నిఖా ఫొటోలల్ల గట్లనే చేసిండ్రు. మా అమ్మ చూసి, గీ పిల్ల ఎవరే అన్నది. నా ఫొటోల నేనే లేను. ఎవరితోని చెప్పుకోవాలె? నీకైతే చెప్పకుంటనే సమజైంది. ఒక్క బోరు నీళ్లు తాగినోళ్లం కద." రోడ్డు మీదే నిరోషను కావలించుకుని, ఏడుస్తూనే నవ్వింది.

ఆఫీసుకు పోయేసరికి మేడం ముఖం ధుమధుమలాడుతోంది. పక్క షాపాయన ఫోన్ చేసి, ఆ పిల్లకు పండ్లపొడి కొనియ్యలేదా మేడం అని ఇకిలించాడట. "నిరోషా, నేనేం చెప్పిన, నువ్వేం చేసినవ్? నా ఫోన్ల ఒకటి, రోడ్డు మీద ఒకటా?"

ఫైలు మారిపోయింది మేడం అనే మాట నిరోష నాలుక మీదికి వచ్చింది. అంతలో యాస్మిన్ ముందుకొచ్చి నిలబడింది.

"నిరోష తప్పేం లేదు మేడం. తెల్లగనే చేసింది. నేనే బతిమిలాడి ఆ తెలుపు తీపిచ్చిన. నా పండ్లు నాకు గట్లనే ఉండాలె అన్న."

"నా బ్రాండు మీద నీ ఇష్టం నడ్వదు బిడ్డా," అంది మేడం. "దోస్తానాకు మాట విన్నవు నిరోషా, ఈసారికి మాఫ్. మల్ల తెల్లగ చేసి పంపు. ఇంటర్న్‌షిప్ అయినంక నువ్వుండు. యాస్మిన్, నువ్వు వేరే చూస్కో."

కాదు మేడం, అన్న రెండు మాటలు చాలు. ఆ మాటలు నిరోష గొంతు దాకా వచ్చి, ఉద్యోగాన్ని చూసి వెనక్కి పోయాయి.

మెట్ల మీద యాస్మిన్ ఆమె భుజం తట్టింది. "నా కోసం చేసి నువ్వెందుకు నౌకరీ పోగొట్టుకోవాలె? నీకు అమ్మ ఉన్నది. నాకు అబ్బ దుకాణం ఉన్నది. ఎక్కడన్న దొరుకుతది తియ్యి." తర్వాత హోర్డింగ్ మీంచి దింపేసిన పాత ఫ్లెక్స్ మాత్రం అడిగి తీసుకుని, చుట్టచుట్టి స్కూటీ మీద వేసుకుపోయింది.

ఇంటర్న్‌షిప్ అయిపోయింది, నిరోషకు నౌకరీ వచ్చింది. సంతోషం మాత్రం రాలేదు. పోటీపడి గెలిస్తే ఒక తీరు. ఇదేమో ఆ పిల్ల చేతిలోంచి తీసి తన చేతిలో పెట్టినట్టుంది. నవ్వే అనుకుంటే మనసు కూడా పెద్దదేనా దానికి? అన్నీ దానికేనా? నిరోషకు నిద్రపట్టని మంట అదే.

ఆదివారం ఊరికి బయలుదేరింది. మర్రిగూడలో బస్సు దిగేసరికి ఎదురుగా యాస్మిన్ నవ్వుతోంది. బాబా మియా దుకాణం ముందు దూది మీద ఎండ పడకుండా ఆ ఫ్లెక్స్‌నే పందిరిలా కట్టారు. ముఖం రోడ్డువైపుకు వచ్చేలా మడిచారు. దాని కింద బెంచీ మీద నర్సింగమ్మ, దిండు కుట్టించుకుందామని వచ్చి కూర్చుని ఉంది.

"సూడు బిడ్డా, బొమ్మల గూడ పండ్లు మనయే," అంది నర్సింగమ్మ, తన చారల పళ్లన్నీ బయటపెట్టి. "కూలికి పోయేటప్పుడు రోజు సూసుకుంట పోతున్న. నువ్వే గట్ల ఉంచినవంట కద. మంచిపని చేసినవ్."

బాబా మియా దూది దులుపుకుంటూ, "మీ బిడ్డది బంగారమసొంటి మనసు నర్సమ్మా," అన్నాడు. లోపలినుంచి యాస్మిన్ వచ్చి, నిరోష చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కనే కూర్చుంది. తల్లి కుట్టడం అయిన దిండు చంకలో పెట్టుకుని ఇంటికి నడిచింది, బాబా మియా లోపలికి పోయాడు.

వాళ్లందరూ మెచ్చుకుంటున్న నిరోష ఎవరో గానీ, ఆ నిరోష మీద కూడా నిరోషకు కుళ్లు పుట్టింది. ఇక పట్టలేకపోయింది.

"యాస్మిన్, నేను నీ మంచికి చెయ్యలేదే. కుళ్లుతోని చేసిన. నువ్వు నవ్వుతుంటే ఓర్వలేకపోయిన. నీ పండ్లు చూసి అందరు నవ్వాలె, నువ్వు మల్ల నోరు తెరవొద్దు అనుకున్న."

చెప్పేసి కడుపు ఖాళీ చేసుకుందామనుకుంది. అందులోనూ సగం ఓర్వలేనితనమే ఉంది. ఆ పిల్ల దగ్గర అంత నమ్మకం ఉండటం కూడా ఆమె చూడలేకపోయింది. తిడుతుందని, చెంప పగలగొడుతుందని కాచుకుంది. కొడితే బాగుండేది.

యాస్మిన్ కొట్టలేదు. పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

"అంటే నీకు గూడ గట్లనే కనబడ్డయా?" అని అడిగింది. "అందరి సంగతి నాకు తెలుసు నిరోషా. పక్క షాపాయన అన్నదానికి నేను ఫికర్ చెయ్యలే. నీయి గూడ గివే పండ్లు కద. నువ్వొక్కదానివన్న సక్కగ చూసినవనుకున్న."

నిరోష ఏదో అనబోయింది. అప్పుడే పరుపు కోసం వచ్చిన ఒకామె దుకాణం ముందు ఆగి, పైకి చూసి, "గా ఫ్లెక్సుల పిల్లవు నువ్వేనా?" అని ముచ్చటగా అడిగింది.

యాస్మిన్ లేచి నిలబడింది. చున్నీ కొంగు పెదాల మీదికి లాక్కుని, దాని వెనకనుంచి, "అవునమ్మా, లోపలికి రా," అంది.