అతిథి మంట

కార్బన్ చట్టం వచ్చిన రెండో ఏడాది, మార్చి పదకొండో తేదీ ఉదయం, సున్నపు బట్టీ ఆఫీసు గదిలో హాజరైనవారు నలుగురు: కొలతల అధికారి, బట్టీ యజమాని, బట్టీ మేస్త్రి, అతని అక్క. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే రాతిపొడిని బీడు భూముల్లో చల్లే మహిళల సంఘానికి ఆమె పెద్ద. కుర్చీ ఖాళీగా ఉన్నా మేస్త్రి కూర్చోలేదు.

చట్టం సూటిగానే ఉంది. పొగ వదిలినవాడే దాన్ని తిరిగి నేలలోకి దించే ఖర్చు భరించాలి. నలుగురూ సంతకం చేసిన ఆనాటి పొగ కొలతే ఏడాది పొడవునా ప్రమాణం. బట్టీ కట్టే ఆ డబ్బే సంఘానికి కూలి; కొలత పడిపోతే అక్క తన సంఘంలో సగంమందిని పని లేదని ఇంటికి పంపవలసిందే.

ఆ బట్టీలో ఒక పాత ఆనవాయితీ ఉంది. పెద్దమనుషులు ఎవరైనా చూడవస్తే, వాళ్ళ బట్టలమీద మసి రాలకుండా గాలి తలుపులు మూసి మంటను అణచి ఉంచేవారు. దానికి అతిథి మంట అని పేరు. ముందురోజు యజమాని మేస్త్రి భుజంమీద చెయ్యి వేసి, "రేపు చుట్టం వస్తున్నాడయ్యా, కాస్త మర్యాద చెయ్యి" అన్నాడు. మర్యాదే కదా అని మేస్త్రి తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. అయినా ఆ ఉదయం గాలి తలుపులు మూసేటప్పుడు చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. మర్యాద చేసేవాడు అలా చూడడు.

"పోయినేటికంటే బాగా తగ్గిందే! ఏం మందు వేశారండీ దీనికి?" అన్నాడు అధికారి, అప్పుడే తీసుకువచ్చిన కొలతను చూస్తూ.

"వయసైపోయింది సార్, నాలాగే. ఆకలి మందగించింది" అని యజమాని నవ్వాడు.

అక్క నవ్వలేదు. పెళ్ళికి ముందు ఆమె ఇదే బట్టీకి రాళ్ళు మోసింది. "ఏరా, బట్టీ కాలుతుంటే ఈ కిటికీ దగ్గర నిలబడగలిగేవాళ్ళమా? ఇంత చల్లగా ఉందేం?"

"లోపలి ఇటుకలు మార్చాం అక్కా. వేడి బయటికి రావట్లేదు."

అబద్ధం ఎక్కడా తడబడకుండా వచ్చేసింది. అదే అతన్ని భయపెట్టింది.

అధికారి కలం ఆపాడు. "అనుమానముంటే చెప్పమ్మా, ఇక్కడే మకాం వేసి మళ్ళీ కొలుస్తాను. కానీ తేడా తేలితే ముందు కేసు మేస్త్రి మీదే. మంట ఆయన చేతిలోది కదా."

యజమాని గోడకేసి చూడసాగాడు. అక్క తమ్ముడికేసి చూసింది. 'తలుపులు నేనే మూశాను' అన్న మాట మేస్త్రి గొంతుదాకా వచ్చింది. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు దాన్ని కిందికి లాగేశాయి.

"మావాడు చెప్పాడుగా, ఇంక అనుమానం దేనికి? ఆ కలం ఇలా ఇవ్వండి" అంది అక్క.

అధికారి ముద్ర కోసం తన సంచిలో వెతుక్కుంటుండగా మేస్త్రి ఆమె పక్కకు చేరి, "సంఘంలో వాళ్ళకేం చెప్తావక్కా?" అని గొణిగాడు.

"నా తిప్పలేవో నేను పడతాలే. నువ్వెళ్ళి ఆ తలుపులు తియ్యి. ఊపిరాడక చస్తోంది నీ బట్టీ."

మేస్త్రి చెవులు భగ్గుమన్నాయి. ఆమె తిట్టి ఉంటే తల ఎత్తడానికి ఏదో ఒక దారి దొరికేది.

అక్క సంతకం చేసింది. ఆ కింద యజమాని, అధికారి, చివరగా మేస్త్రి. రోజూ చేసే సంతకమే, ఆనాడు పరాయివాడి పేరులా కనిపించింది. అక్క తన ప్రతిని అందుకుని, సిరా ఆరేదాకా ఆగి, అంచులు కలిపి నాలుగు మడతలు పెట్టి, సంచి అడుగున దాచుకుంది.