ఏడో నంబరు ఎలుక

పందొమ్మిదేళ్లుగా ఆ ప్రయోగశాలలో ఎలుకల తిండీ నీళ్లూ చూస్తున్న పెద్దకోడలికి తోడికోడలి మీద అనుమానం. మరిది భార్య కదా అని తనే డాక్టరమ్మను బతిమాలి పనిలో పెట్టించింది. ఆరు నెలలు తిరక్కముందే డాక్టరమ్మ ప్రతిదానికీ చిన్నకోడలినే పిలవసాగింది. ఏకు మేకవడమంటే ఇదే.

ఇన్నాళ్లకు ఆమె తప్పు దొరికింది. ఏడో నంబరు ఆడ ఎలుక తన చేతిలో గింజలు తిన్న బంగారుతల్లి. దాన్ని అక్కచెల్లెళ్ల పంజరంలోకి చేర్చిన రోజే రెండింటి వీపులు చీరేసింది, చిన్నకోడలి వేలు కొరికింది. ఊరకే కొరుకుతుందా? చిన్నదే చాటుగా పుల్లతో పొడిచి ఉంటుంది. ఎలుకల్ని హింసించినవాళ్లను డాక్టరమ్మ ఒక్కపూట ఉండనివ్వదు. చిన్నదానికి ఇక్కడ నూకలు చెల్లినట్టే.

అరల వెనక నక్కి రెండు రోజులు కాపలా కాసింది. చిన్నకోడలు వంగి, "ఎందుకమ్మా అంత కోపం?" అని ఎలుకనడగడం తప్ప ఏమీ కనబడలేదు. కనబడలేదంటే మరీ గడుసుదన్నమాట. వెళ్లి డాక్టరమ్మ చెవిన వేసింది.

డాక్టరమ్మ ఇద్దరినీ పిలిచి, ఎలుకను తిప్పితిప్పి చూసింది.

"దీన్నెవరూ పొడవలేదు, ఒక్క గాటు లేదు. పాలు మానగానే విడిగా పెంచారు కదూ? చిన్నప్పుడు తోడు లేకపోతే ఆడవైనా ఇలాగే తయారవుతాయి. పుట్టుకతో వచ్చేది కొంత, పెంపకంతో వచ్చేది కొంత. నన్నడక్కుండా విడదీసిందెవరు? వాళ్లు రేపట్నుంచి రానక్కర్లేదు."

బక్కపిల్లను తిండి దగ్గర అక్కలు తోసేస్తున్నాయని జాలిపడి, ఆరు వారాలు వేరే పంజరంలో ఉంచింది పెద్దకోడలే.

"నేనేనండి," అంది చిన్నకోడలు నేల చూస్తూ.

డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి అటు తిరిగింది. పెద్దకోడలికి ముందు కలిగింది అనుమానమే. దీని వెనక ఏం ఎత్తుందో! రేపు ఇంట్లో అందరి ముందూ దెప్పడానికా?

"ఎందుకే ఈ అబద్ధం?" అని గొణిగింది.

"ఊరుకో అక్కా. పింఛనుకి నీకింకో ఏడాదేగా ఉంది. నేనింకెక్కడైనా చూసుకుంటాను."

ఆ మాటలో ఎక్కడైనా ముల్లుందేమోనని పెద్దకోడలు వెతికింది. ఎంత వెతికినా దొరకలేదు. సిగ్గుతో ఆమెకు ఏడుపొచ్చింది.

"డాక్టరమ్మా, విడదీసింది నేను," అంది. "ఇది పొడిచిందని చాడీ చెప్పిందీ నేనే."